డీబగ్ మాడ్యూల్‌తో డ్రైవర్‌కు పడిన ముడిని విప్పడం ఎలా?

లినక్స్ డ్రైవర్ రాసేవారు చాలామంది డీబగ్ కోడ్‌ను మొదట డ్రైవర్ ఫైల్లోనే రాసుకుని, అది పెరిగాక వేరే మాడ్యూల్‌గా, అంటే కెర్నెల్‌లోకి విడిగా ఎక్కించి దించగల ముక్కగా, విడగొడతారు. ఫైళ్లు విడిపోతాయి గానీ ముడి విడిపోదు. డ్రైవర్ పేరు రింగ్‌నెట్ అనీ, దాని రింగ్ బఫర్‌ను (ప్యాకెట్లు వరుసగా నిలిచే వృత్తాకార మెమరీని) చూపించే మాడ్యూల్ పేరు రింగ్‌డీబగ్ అనీ అనుకుందాం. లోడ్ అయిన మాడ్యూళ్ల జాబితా ఇచ్చే ఎల్‌ఎస్‌మాడ్ కొట్టినప్పుడు “రింగ్‌డీబగ్ 16384 1 రింగ్‌నెట్” అనే వరుస కనిపిస్తే, రింగ్‌డీబగ్‌ను వాడుకుంటున్నది రింగ్‌నెట్ అని దాని అర్థం. అంటే డీబగ్ మాడ్యూల్ లేనిదే అసలు డ్రైవరే లోడ్ కాదు. ఇది తలకిందుల వ్యవహారం. డీబగ్ కోడ్ డ్రైవర్ మీద ఆధారపడవచ్చు గానీ, డ్రైవర్ మాత్రం డీబగ్ కోడ్ ఒకటి ఉందన్న సంగతి కూడా ఎరగకుండా పనిచేయాలి.

ముందుగా ముడి ఎక్కడ పడిందో వెతకాలి. మాడ్యూల్ వివరాలు చూపే మాడ్‌ఇన్ఫోలోని డిపెండ్స్ వరుస ఏ మాడ్యూల్ కావాలో చెబుతుంది గానీ, ఏ ఫంక్షన్ కోసం కావాలో చెప్పదు. అందుకు డ్రైవర్ కేఓ ఫైల్ (కట్టి సిద్ధమైన మాడ్యూల్ ఫైల్) మీద ఎన్‌ఎం కమాండ్ నడిపి, ‘యు’ అక్షరంతో వచ్చే సింబళ్లలో, అంటే బయటి నుంచి రావాల్సిన ఫంక్షన్లు, వేరియబుళ్ల పేర్లలో, రింగ్‌డీబగ్ ఎక్స్‌పోర్ట్ చేసినవి (ఇతర మాడ్యూళ్లు వాడుకునేలా బయటపెట్టినవి) ఏవో ఏరుకోవాలి. ఈ జాబితా సాధారణంగా మనం భయపడినంత పొడవుండదు. నేను విప్పిన ఒక డ్రైవర్లో మూడే పేర్లు తేలాయి; వాటిలో ఒకటి, ఎర్రర్ కోడ్‌ను అక్షరాల్లోకి మార్చే నాలుగు వరుసల ఫంక్షన్, దారి తప్పి డీబగ్ ఫైల్లో చేరింది. అలాంటివాటిని తిరిగి డ్రైవర్లోకి తెచ్చుకుంటే సరిపోతుంది. రెండు మాడ్యూళ్లూ ఒకదాన్నొకటి పిలుస్తుంటే మాత్రం మాడ్యూళ్ల మధ్య ఆధారాలను లెక్కగట్టే డెప్‌మాడే “సైకిల్ డిటెక్టెడ్” అని మొరాయిస్తుంది.

రింగ్ స్థితిని చూపించే డీబగ్‌ఎఫ్‌ఎస్ (కెర్నెల్ లోపలి వివరాలను ఫైళ్లుగా చూపే ఫైల్ వ్యవస్థ) ఫైళ్లను, డేటా ఎవరిదైతే వారే సృష్టించడం మేలు. ఫ్రీబీఎస్‌డీ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ డీబగ్గరైన డీడీబీలో కూడా ‘షో’ కమాండ్లను డీబగ్గర్ ఫైళ్లలో గాక ఆయా ఉపవ్యవస్థల సొంత ఫైళ్లలోనే ప్రకటించే పద్ధతి ఉంది. ఇక్కడ ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది: కెర్నెల్‌ను డీబగ్‌ఎఫ్‌ఎస్ లేకుండా కట్టినప్పుడు ఫైల్ సృష్టించే ఫంక్షన్ మైనస్ ఇ-నోడెవ్ అనే ఎర్రర్‌ను తిరిగి ఇస్తుంది, దాన్ని పట్టుకుని డ్రైవర్‌ను పరికరానికి జతచేసే ప్రోబ్ ఫంక్షన్ విఫలమైతే, సింబల్ ఏదీ లేకపోయినా డ్రైవర్ డీబగ్ కోడ్ మీద ఆధారపడినట్టే. ఆ విలువను అసలు పరీక్షించకూడదు. మాడ్యూల్ దిగిపోయేటప్పుడు ఆ ఫైళ్లు వాటంతట అవే పోవు కాబట్టి ఎగ్జిట్ ఫంక్షన్లో వాటిని తొలగించడం మరవకూడదు.

ప్యాకెట్ వచ్చింది, రింగ్ నిండింది వంటి సంఘటనలను తెలియజేయడానికి ట్రేస్‌పాయింట్, అంటే తర్వాత ఎవరైనా తమ ఫంక్షన్‌ను తగిలించుకోగలిగేలా కోడ్‌లో గుర్తుపెట్టిన చోటు, చాలు. డ్రైవర్ తన ట్రేస్‌పాయింట్‌ను తానే నిర్వచించి ఎక్స్‌పోర్ట్ చేస్తే, డీబగ్ మాడ్యూల్ వచ్చి దానికి తన ఫంక్షన్‌ను తగిలించుకుంటుంది. డ్రైవర్ తప్పనిసరిగా డీబగ్ కోడ్‌ను పిలవాల్సి వస్తే, ఫంక్షన్ పాయింటర్‌ను డ్రైవర్లో ఉంచి, డీబగ్ మాడ్యూల్ లోడ్ అయ్యాక అందులో తన చిరునామా నమోదు చేసుకునేలా రాయాలి. డ్రైవర్ ఆ పాయింటర్‌ను ఆర్‌సీయూ (చదివేవారిని ఆపకుండానే డేటా మార్చే కెర్నెల్ పద్ధతి) రీడ్ లాక్ కింద చదివి పిలవాలి. డీబగ్ మాడ్యూల్ దిగిపోయే ముందు దాన్ని ఖాళీ చేసి, అప్పటికే చదువుతున్నవారు ముగించేదాకా ఎదురుచూసే సింక్రనైజ్ ఆర్‌సీయూ పూర్తయ్యేదాకా ఆగాలి. లేకపోతే మెమరీలోంచి వెళ్లిపోయిన కోడ్‌లోకి ప్రాసెసర్ దూకుతుంది.

డీబగ్ కోడ్ లేనప్పుడు దాని బదులు హెడర్‌లో ఖాళీ ఫంక్షన్ పెట్టి సరిపుచ్చడం అందరికీ అలవాటే గానీ, నాకది నచ్చదు. రెండూ మాడ్యూళ్లుగా ఉన్నప్పుడు ముడి అలాగే ఉంటుంది. డ్రైవర్ కెర్నెల్‌లోనే కలిసిపోయి డీబగ్ కోడ్ మాత్రం మాడ్యూల్‌గా ఉంటే, డీబగ్ మాడ్యూల్‌గా ఉన్నా ‘ఉంది’ అనే ‘ఈజ్ ఎనేబుల్డ్’ మాక్రోతో లింకింగ్ ఆగిపోతుంది. ఆ కోడ్‌ను నేరుగా పిలవగలిగితేనే ‘ఉంది’ అనే ‘ఈజ్ రీచబుల్’ వాడితే కెర్నెల్ తయారవుతుంది గానీ, డీబగ్ మాడ్యూల్ తర్వాత లోడ్ అయినా దానికి ఒక్క పిలుపూ అందదు. కెర్నెల్ ఎంపికలను రాసే కేకాన్ఫిగ్‌లో డ్రైవర్ కింద డీబగ్‌ను లాక్కొచ్చే ‘సెలెక్ట్’ వరుస ఉంటే దాన్ని తీసేసి, డీబగ్ కింద ‘డిపెండ్స్ ఆన్’ రాయాలి.

ఎల్‌ఎస్‌మాడ్‌కు కనిపించని ముడి ఇంకొకటుంది: లాక్, అంటే ఒకే డేటాను ఒకేసారి ఇద్దరు ముట్టకుండా వేసే తాళం. 2010లో 2.6.35తో ప్రధాన కెర్నెల్లో చేరిన కెర్నెల్ డీబగ్గర్ కేడీబీ, తాను నడిచేటప్పుడు మిగతా ప్రాసెసర్లన్నిటినీ ఆపేస్తుంది. ఆగిపోయిన ప్రాసెసర్ చేతిలో రింగ్ లాక్ ఉంటే, డీబగ్ కమాండ్ దాని కోసం ఎంతసేపు ఎదురుచూసినా అది రాదు. అందువల్ల కేడీబీ కమాండ్లలో లాక్ కోసం ఎదురుచూడని ట్రైలాక్ మాత్రమే వాడి, లాక్ దొరకకపోతే ఆ మాట తెర మీద రాసి వెనుదిరగాలి.

ఇదంతా అయ్యాక డ్రైవర్, డీబగ్ రెండింటికీ ఉండే మూడేసి స్థితులను, అంటే కెర్నెల్లో కలిపినవి, మాడ్యూల్‌గా ఉంచినవి, అసలు లేనివి, కలగలిపి కెర్నెల్‌ను కట్టి చూడాలి. డీబగ్‌ఎఫ్‌ఎస్ తీసేసి ఇంకోసారి కట్టాలి. ఆ తర్వాత రింగ్‌నెట్ మీద ట్రాఫిక్ నడుస్తుండగానే ఆర్‌ఎంమాడ్‌తో రింగ్‌డీబగ్‌ను దించాలి. అది మారుమాట లేకుండా దిగిపోయి, ఒక్క ప్యాకెట్ కూడా ఆగకపోతే ముడి విడినట్టే.