పిల్లల ఫీజు రశీదులతో పన్ను రిటర్న్ వేసే ముందు

"తమ్మీ, నా పిల్లల్లో ఒకరికి అంగవైకల్యం ఉందని రిటర్న్‌ల రాసిండట" అని గోదావరిఖని నుంచి మా బావ ఫోన్ చేసినప్పుడు నాకు మాట రాలేదు. బొగ్గు గనిలో ఉద్యోగం ఆయనది. రిఫండ్ ఇప్పిస్తానని, వచ్చినదాంట్లో వాటా ఇవ్వాలని ఒకతను వస్తే ఫారం 16 (జీతం, కోసిన పన్ను వివరాలతో ఆఫీసు ఇచ్చే కాగితం), పాస్‌వర్డ్ రెండూ అప్పగించాడు. పన్ను తగ్గించి చూపడానికి ఆ అబద్ధం రాసింది అతనే. ఆ రిఫండ్ వెనక్కి కట్టి, దానిమీద మిత్తి, అదనపు పన్ను కూడా కట్టాక గానీ బయటపడలేదు. పైసలకంటే, బిడ్డలకు లేని లోపం కాగితం మీద ఎక్కిందని మా అక్క పడ్డ బాధ పెద్దది. రిటర్న్ వేసే గడువు జూలై 31 దగ్గర పడుతుంటే హనుమకొండ, ఖాజీపేట, మంచిర్యాల వైపు ఉద్యోగం చేసే తల్లిదండ్రులకు ఇవి చెప్పాలనిపిస్తుంది.

అన్నిటికంటే ముందు, పిల్లల ఫీజు చూపించి పన్ను మినహాయింపు తీసుకోవడం మీకు అవసరమేనా అన్నది చూసుకోండి. పన్ను లెక్క కట్టే విధానాలు పాతది, కొత్తది అని రెండున్నాయి. పిల్లల ట్యూషన్ ఫీజు ఆదాయపు పన్ను చట్టంలోని 80సీ సెక్షన్ కింద, లక్షన్నర పరిమితిలో వస్తుంది, అదీ పాత పన్ను విధానంలోనే. కొత్త విధానంలో 2025-26 సంవత్సరానికి జీతగాళ్లకు 12.75 లక్షల దాకా పన్నే లేదు. ఆలోపు జీతమున్నవాళ్లు ఫీజు రశీదుల కోసం బడి చుట్టూ తిరగక్కర్లేదు. 15 లక్షల జీతమనుకుందాం. పాత విధానంలో 80సీ మొత్తం లక్షన్నరా వాడుకున్నా, వేరే మినహాయింపులు లేకపోతే పన్ను 2,10,600 రూపాయలు. కొత్త దాంట్లో 97,500. ఇంటి లోన్ మిత్తి, ఇంటద్దె లాంటివి గట్టిగా ఉంటేనే పాతది లాభం. రెండూ లెక్క కట్టాకే ఎంచుకోండి. ఏడాది మొదట్లో ఆఫీసులో ఏది రాసిచ్చినా జీతగాళ్లు రిటర్న్‌లో మార్చుకోవచ్చు. కానీ గడువు దాటితే ఆ ఏడాదికి పాత విధానం చేజారినట్టే.

పాతదే మేలని తేలితే రశీదు బయటికి తీయండి. మొత్తం కాదు, లోపలి వరుసలు చదవండి. నా ముందున్న ఒక రశీదులో మొత్తం 81,000 ఉంది. అందులో ట్యూషన్ ఫీజు 41,500, బస్సు 16,000, పుస్తకాలూ యూనిఫాం 11,500, డెవలప్‌మెంట్ ఫీజు 12,000. పన్ను లెక్కలోకి వచ్చేది 41,500 ఒక్కటే. మన దగ్గర చాలా బడులు అన్నీ కలిపి ఒకే అంకె వేసి ముద్ర కొట్టి ఇస్తాయి. విడివిడిగా రాసివ్వమని అడగండి, మొహమాటపడకండి. ఇంటర్ పిల్లల్ని హాస్టల్‌లో పెట్టిన వాళ్లు ఇక్కడే ఎక్కువ పొరపాటు పడతారు. హాస్టల్ ఖర్చు, ఎంట్రన్స్ కోచింగ్ ఫీజు ట్యూషన్ ఫీజు కాదు. నర్సరీ ఫీజు మాత్రం చెల్లుతుంది.

మినహాయింపు ఏ ఏడాదికన్నది ఫీజు కట్టిన తేదీని బట్టి ఉంటుంది, చదివే ఏడాదిని బట్టి కాదు. జూన్‌లో తెరిచే బడికి మార్చిలోనే కట్టేస్తే అది మార్చితో ముగిసే ఏడాదిలోకి పోతుంది. ఒక్కొక్కరికి ఇద్దరు పిల్లల వరకే. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్థులైతే ఎవరు కట్టింది వాళ్లు చూపించుకోవాలి, ఒకే రశీదు ఇద్దరూ వాడకూడదు. అందుకే మినహాయింపు చూపించుకునేవాళ్లు తమ ఖాతా నుంచే ఫీజు పంపడం మంచిది. తాతయ్య పెన్షన్‌లోంచి మనవడి ఫీజు కడితే ఆయనకు ఈ మినహాయింపు రాదు.

ఆడపిల్ల పేరిట సుకన్య సమృద్ధి కట్టేవాళ్లు గుర్తుంచుకోండి, అదీ ఆ లక్షన్నరలోనే కలుస్తుంది, పీఎఫ్‌తో పాటు. చాలామందికి పీఎఫ్‌తోనే సగం నిండిపోయి ఉంటుంది.

అమెరికా చదువుకు బ్యాంకు లోన్ తీసుకున్నవాళ్లకు 80ఈ సెక్షన్ ఉంది. మిత్తికే మినహాయింపు, అసలుకు కాదు. దానికి పరిమితి లేదు, ఎనిమిదేళ్ల దాకా దొరుకుతుంది. ఇదీ పాత విధానంలోనే. లోన్ ఎవరి పేర ఉందో చూసుకోండి. ఊళ్లో తెలిసినవాళ్ల దగ్గర తెచ్చిన అప్పుకు ఇది వర్తించదు. మిత్తి ఎంత కట్టారో బ్యాంకు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.

నిజంగా అంగవైకల్యం ఉన్న బిడ్డను సాకుతున్న ఇంటికి 80డీడీ కింద 75,000, తీవ్రమైనదైతే 1,25,000 మినహాయింపు ఉంది. ఎంత ఖర్చయిందన్న లెక్క అక్కర్లేదు. దీన్ని తెలియక వదిలేసుకునే తల్లులున్నారు, దయచేసి వదలొద్దు. వైద్య ధ్రువపత్రం గడువు తీరిందేమో ముందే చూసుకొని, పునఃపరీక్ష తేదీ దగ్గర పడితే ఇప్పుడే వెళ్లండి.

లేనిది రాయడం మాత్రం ఎవరు చెప్పినా వద్దు. 2025 జూలై 14న ఆదాయపు పన్ను శాఖ ఇలాంటి దొంగ మినహాయింపుల మీద దేశవ్యాప్తంగా 150 చోట్ల తనిఖీలు చేసింది. తప్పుడు వివరాలతో ఎగ్గొట్టిన పన్నుకు రెండింతల జరిమానా పడవచ్చు. రాసింది ఏజెంటే అయినా సంతకం మీదే. పాస్‌వర్డ్, ఓటీపీ ఎవరికీ ఇవ్వకండి. వేరేవాళ్లతో నింపించుకున్నా పంపే ముందు మినహాయింపుల పేజీ తెరిపించి ఒక్కొక్క అంకె మీరే చదవండి.

పంపాక 30 రోజుల్లో ఈ-వెరిఫై చేయాలి, అంటే ఆ రిటర్న్ మీదేనని ఆన్‌లైన్‌లో ధ్రువీకరించాలి, లేకపోతే రిటర్న్ చెల్లదు. ఆధార్‌తో ధ్రువీకరిస్తే ఓటీపీ ఆధార్‌కు కలిపిన నంబరుకే వస్తుంది. ఆ సిమ్ పాతదై మూలన పడి ఉంటే జూలై మొదట్లోనే సరిచేయించుకోండి.