మా అమ్మ వేలికి ఆక్సీమీటర్ ఎలా పెడతానంటే

అమ్మ నలభై ఏళ్లు మిరప చేలల్లో పనిచేసింది. ఎండకు ఇంకా నల్లబడ్డ చేతులు, కాయలు కాచిన వేళ్లు. 2021లో కరోనా వచ్చినప్పుడు ఆక్సీమీటర్, అంటే వేలికి పెడితే రక్తంలో ఆక్సిజన్ శాతం చెప్పే క్లిప్పు, 95 చూపించింది. "నంబర్ బాగానే ఉంది, ఇంటికి తీసుకెళ్లండి" అన్నారు. అమ్మేమో రెండు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటోంది. మర్నాడు ఇంకోచోట ధమని నుంచి రక్తం తీసి చూస్తే ఆక్సిజన్ బాగా పడిపోయి ఉంది.

ఆ క్లిప్పు ఎర్ర కాంతినీ, కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కాంతినీ వేలిలోంచి పంపి లెక్క కడుతుంది. చర్మంలోని మెలనిన్ కూడా కాంతిని పీల్చేస్తుంది కాబట్టి నల్లటివాళ్లకు అసలుకంటే ఎక్కువ చూపించవచ్చు. 2020 డిసెంబరులో అమెరికాలోని మిషిగన్ యూనివర్సిటీ డాక్టర్లు దీన్ని లెక్కలతో చూపించారు. మీటర్ 92 నుంచి 96 మధ్య చెబుతున్నా రక్తంలో 88 కంటే తక్కువ ఉన్న సందర్భాలు తెల్లవాళ్లలో 3.6 శాతం, నల్లజాతివాళ్లలో 11.7 శాతం. పొలం పనికి పోయే మనవాళ్ల చేతుల మీద కూడా సరిచూశాకే ఇలాంటివి అమ్మాలని నా గట్టి అభిప్రాయం.

అందుకే ముందు, ఒంట్లో బాగున్న రోజుల్లోనే చూసి క్యాలెండర్ మీద రాసిపెట్టండి. అమ్మకు మామూలుగా 98. చేతులు చల్లగా ఉంటే రుద్ది వేడి చేయండి. గోళ్లరంగు తుడిచేయండి, నల్లగా పండిన కోన్ ఉన్న వేలు వద్దు. కూర్చోబెట్టి, చెయ్యి కదపకుండా ఉంచి, అంకె నిలకడగా నిలిచేదాకా ఆగండి. స్మార్ట్‌వాచ్ అంకెను నమ్ముకుని మాత్రం ఆగిపోకండి. అదీ కాంతితోనే కొలుస్తుంది.

తర్వాత ఊపిరి లెక్కపెట్టండి. లెక్కపెడుతున్నట్టు చెప్పకండి, చెబితే శ్వాస మారిపోతుంది. నేను అమ్మ పైట లేచి దిగితే ఒకటి అనుకుంటాను, గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం. పెద్దవాళ్లకు 24 దాటితే అంకె ఎంతున్నా ఆస్పత్రికి బయల్దేరండి. పెదాలు నీలం తిరగడం నల్లటివాళ్లలో పైకి తెలియదు. కింది పెదవి లోపలివైపు, నాలుక చూడండి.

మీటర్ 94 కంటే తగ్గితే, డాక్టరు ముందే వేరేగా చెప్పి ఉంటే తప్ప, ఆలస్యం చేయొద్దు. అక్కడికెళ్లాక "95 ఉందండీ" అని ఊరుకోకండి. "రోజూ 98 ఉండేది, ఇవాళ 95, నిమిషానికి 28 సార్లు ఊపిరి తీస్తోంది, ఏబీజీ పరీక్ష చేస్తారా?" అని అడగండి. ఏబీజీ అంటే ధమని నుంచి రక్తం తీసి ఆక్సిజన్ చూసే ఆ పరీక్షే. ఆ రోజు నాకీ మాట తెలియదు.