రోడ్డు కింద పోయే భూమి – నాలుగో పాఠం: ఇరవై ఒక్క రోజుల గడువు, పరిహారం లెక్క

ముందుగా గత పాఠంలో ఇచ్చిన లెక్కకు జవాబు. గెజెట్ పట్టికలో ఒక సర్వే నంబరు ఎదురుగా 0.1619 అని ఉంటే ఎంత భూమి పోతున్నట్టు? పదహారు సెంట్లు అని రాసుకున్నవాళ్లు కొట్టేయండి. మన పాసుపుస్తకంలో ఎకరాలు, సెంట్లు ఉంటాయి, గెజెట్‌లో హెక్టార్లు ఉంటాయి. హెక్టారంటే 2.471 ఎకరాలు. 0.1619ని దానితో గుణిస్తే 0.40 వస్తుంది, అంటే నలభై సెంట్లు. ‘పదహారు సెంట్లే కదా’ అని ఊరుకుంటే, కొలతరాళ్లు పాతే రోజున తోట సగం రోడ్డు గీత లోపల కనిపిస్తుంది.

ఇప్పుడు తేదీల సంగతి. జాతీయ రహదారికి భూమి తీసుకునేది 1956 నాటి జాతీయ రహదారుల చట్టం కింద. బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే అయినా, చిత్తూరు–తచ్చూరు రోడ్డయినా ఇదే చట్టం. ఊళ్లో ‘త్రీ ఏ నోటీసు వచ్చిందంట’ అంటారే, అది ఈ చట్టంలోని 3ఎ సెక్షన్. భూమి తీసుకోవాలనుకుంటున్నామని కేంద్రం చెప్పే మొదటి ప్రకటన అది. గెజెట్‌లో వచ్చాక దాని సారాంశాన్ని రెండు స్థానిక పత్రికల్లో వేయాలి, వాటిలో ఒకటి తెలుగులో ఉండాలి.

అభ్యంతరం చెప్పడానికి 3సీ సెక్షన్ ఇచ్చే గడువు 21 రోజులు. ఈ గడువు 3ఎ ప్రకటన వెలువడిన తేదీ నుంచి నడుస్తుంది. పేపర్లో పడేసరికి గెజెట్ వచ్చి కొన్ని రోజులు అయిపోయి ఉంటాయి. పేపరు చూసిన రోజు నుంచి లెక్కపెట్టుకున్న రైతు భూసేకరణ ఆఫీసుకు వెళ్లేసరికి ‘గడువు దాటింది’ అంటారు. అందుకే పేపరు కత్తిరింపులో ఉన్న ఎస్.ఓ. నంబరు (గెజెట్ ప్రకటన నంబరు) పట్టుకుని ఈ-గెజెట్ సైటులో అసలు ప్రతి దించుకోండి. పై భాగంలో ప్రచురణ తేదీ ఉంటుంది. ఆ రోజును వదిలేసి మర్నాటి నుంచి ఒకటి, రెండు అని లెక్కపెట్టండి. 3వ తేదీన గెజెట్ వస్తే 24వ తేదీ చివరి రోజు. అంతదాకా ఆగకుండా 20వ తేదీకల్లా ఇచ్చేయడం మంచిది.

వెతికేటప్పుడు ఒక చిక్కు ఉంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా విడిపోయింది. చంద్రగిరి, రేణిగుంట మండలాల ఊళ్లకు అంతకుముందు వచ్చిన గెజెట్లు చిత్తూరు జిల్లా పేరు మీదే ఉంటాయి. పాత ప్రకటన దొరకలేదంటే ముందు జిల్లా పేరు మార్చి చూడండి.

అభ్యంతరం కాగితంలో ఎక్కువమంది చేసే తప్పు ఒకటుంది. ‘రేటు చాలదు, ఎకరాకు ఇంత ఇవ్వాలి’ అని రాస్తారు. 3సీ కింద వినేది ఆ భూమిని రోడ్డుకు వాడటంపై అభ్యంతరాన్ని మాత్రమే. ధర మాట పరిహారం తేల్చే 3జీ సెక్షన్ దగ్గర వస్తుంది, దానికి వేరే నోటీసు ఉంటుంది. ఇప్పుడు రాయాల్సినవి ఇలాంటివి: గీత బావి మీదుగా పోతోంది, పది అడుగులు పక్కకు జరిపితే బావి మిగులుతుంది, తోట రెండు ముక్కలై అవతలి ముక్కకు దారి లేకుండా పోతోంది, ఇక్కడ అండర్‌పాస్ కావాలి, సర్వే నంబరు నాదే గానీ సబ్‌డివిజన్ తప్పు పడింది, పట్టికలో మెట్ట అని ఉంది, నేల మీద బోరు కింద మామిడి తోట ఉంది. ప్రతి మాటకూ ఒక కాగితం జోడించండి: ఎఫ్ఎంబీ (పొలం కొలతల పటం) నకలు, అడంగల్, 1బీ, బావి ఫొటో. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర వేయమంటే నసిగితే అదే రోజు రసీదుతో స్పీడ్ పోస్టు చేయండి. విచారణకు మీరైనా వెళ్లొచ్చు, వకీలునైనా పంపొచ్చు.

తర్వాతిది 3డీ ప్రకటన. ఇది వెలువడిన రోజే భూమి కేంద్రానికి దఖలు పడిపోతుంది, ఆ పైన మీరు అమ్మడానికి లేదు. 3డీ పట్టికలో పేర్లు కూడా ఉంటాయి కాబట్టి చనిపోయిన తండ్రి పేరే ఉందేమో చూసుకోండి. 3ఎ వచ్చిన ఏడాదిలోపు 3డీ రాకపోతే ఆ 3ఎ చెల్లదు. కోర్టు స్టే నడిచిన కాలాన్ని మాత్రం ఆ ఏడాదిలో లెక్కించరు.

డబ్బు విషయంలో చట్టం చాలా మలుపులు తిరిగింది. 1997లో 3ఎ నుంచి 3జే దాకా సెక్షన్లు చేర్చినప్పుడు, 1894 నాటి భూసేకరణ చట్టం దీనికి వర్తించదని 3జేలో రాశారు. దాంతో సొలేషియం (ఇష్టం లేకున్నా భూమి వదులుకోవాల్సి వచ్చినందుకు అదనంగా ఇచ్చే సొమ్ము), వడ్డీ రెండూ పోయాయి. అదే ఊళ్లో చెరువుకు భూమి ఇచ్చినవాడికి సొలేషియం వచ్చేది, హైవేకు ఇచ్చినవాడికి వచ్చేది కాదు. దాని స్థానంలో వచ్చిన 2013 భూసేకరణ చట్టం 2014 జనవరి 1న అమల్లోకి వచ్చినా హైవేలను మొదట పక్కన పెట్టింది. 2015 ఆగస్టు 28 నాటి కేంద్రం ఉత్తర్వుతో, అదే ఏడాది జనవరి 1 నుంచి ఆ పరిహారం లెక్క హైవేలకూ వచ్చింది. మధ్యలో నష్టపోయినవాళ్ల మాటేమిటి? తర్సేమ్ సింగ్ కేసులో 2019 సెప్టెంబరు 19న సుప్రీంకోర్టు, సొలేషియం, వడ్డీ రానివ్వని మేరకు 3జే చెల్లదంది. ఈ తీర్పును ఇకముందు సేకరణలకే పరిమితం చేయమని హైవే అథారిటీ అడిగితే 2025 ఫిబ్రవరిలో కుదరదంది. నాన్నల కాలంలో హైవేకు భూమి ఇచ్చిన ఇళ్లలో పాత అవార్డు (పరిహారం ఖరారు చేసిన ఉత్తర్వు) కాగితం ఉంటే పారేయకండి.

ఇక నేటి లెక్క. మార్కెట్ విలువకు రెండు అంకెలు చూస్తారు: రిజిస్ట్రేషన్ శాఖ పుస్తక విలువ ఒకటి, చుట్టుపక్కల అదే రకం భూమికి గత మూడేళ్లలో అయిన క్రయ దస్తావేజుల సగటు రెండోది. ఏది ఎక్కువైతే అది. సగటుకు దస్తావేజులన్నీ తీసుకోరు, ఎక్కువ ధర ఉన్న సగం వాటినే తీసుకోవాలి. ఎనిమిది ఉంటే పైనున్న నాలుగు. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ఆ జాబితా మీరే సంపాదించి పోల్చండి. స్టాంపు ఖర్చు మిగులుతుందని ధర తగ్గించి రాయించుకున్న దస్తావేజులు ఇక్కడ ఊరందరికీ ఎసరు పెడతాయి, ఎవరినీ అనడానికి లేదు.

మన నలభై సెంట్ల తోటకే లెక్కేద్దాం. ఎకరా 20 లక్షలు అనుకుంటే భూమి విలువ 8,00,000. పల్లె భూమికి 1 నుంచి 2 మధ్య రాష్ట్రం నిర్ణయించిన గుణకం ఉంటుంది. అది 1.25 అనుకుంటే 10,00,000. చెట్లు, బోరు, షెడ్డు కలిపి 2,00,000 అనుకుందాం, మొత్తం 12,00,000. దాని మీద నూటికి నూరు సొలేషియం, ఇంకో 12,00,000. 3ఎ నుంచి అవార్డు దాకా 15 నెలలు పట్టిందనుకుంటే, గుణకం వేయని 8,00,000 మీద ఏడాదికి 12 శాతం చొప్పున 1,20,000. అంతా కలిపి 25,20,000.

అవార్డు కాగితంలో ముందు సొలేషియం వరుస చూడండి. భూమికి మాత్రమే వేసి చెట్లకు, బోరుకు వదిలేస్తే ఈ లెక్కలో రెండు లక్షలు పోతాయి. తర్వాత చెట్ల వరుస: కాపుకొచ్చిన తోతాపురిని మొక్కగా రాసుంటే ఉద్యానశాఖ మదింపు నకలు అడగండి. ముక్కలైన తోటకు, పనికిరాకుండా మిగిలిన చీలికకు నష్టం 3జీ(7) కింద విడిగా అడగాలి, అడగకపోతే ఎవరూ వేయరు. అవార్డు నచ్చకపోతే కేంద్రం నియమించిన మధ్యవర్తి దగ్గరికి వెళ్లొచ్చు. అక్కడ పెరిగిన సొమ్ముకు, భూమి స్వాధీనం చేసుకున్న రోజు నుంచి ఏడాదికి 9 శాతం వడ్డీ వస్తుంది.

ఇదంతా జాతీయ రహదారికే. రాష్ట్రం వేసే రోడ్డుకో, విమానాశ్రయ విస్తరణకో నేరుగా 2013 చట్టం కింద తీసుకుంటే అభ్యంతరానికి 60 రోజులు ఉంటాయి. నోటీసు మొదటి పేరాలో ఏ చట్టం పేరుందో చూడకుండా క్యాలెండరు ముట్టుకోవద్దు.

అభ్యాసం: గెజెట్ తేదీ 10, పట్టికలో విస్తీర్ణం 0.0809. పోయే భూమి ఎన్ని సెంట్లు? అభ్యంతరానికి చివరి తేదీ ఏది? ఎకరా 15 లక్షలు, గుణకం 1.25, చెట్లు 80,000, 3ఎ నుంచి అవార్డుకు ఏడాది అయితే పరిహారం ఎంత? వచ్చే పాఠం డీకేటీ పట్టా (ప్రభుత్వం పేదలకిచ్చిన) భూముల మీద, పట్టా కాగితం, 1బీ దగ్గర పెట్టుకుని రండి.