పాత కంప్యూటర్‌కు కొత్త ఊపిరి - 4వ పాఠం: డిస్క్ పెట్టినా బూట్ కాకపోతే

పోయిన పాఠంలో విండోస్‌కు బదులు వాడే లినక్స్ మింట్ ఐఎస్ఓ ఫైలు (మొత్తం డిస్క్‌ను ఒకే ఫైలుగా మూటకట్టినది) డౌన్‌లోడ్ చేసి డీవీడీ మీద రాశాం. ఆ డీవీడీ పెట్టి ఆన్ చేయగానే మింట్ తెర వచ్చిందా? అయితే ఈ పాఠంతో మీకు పని లేదు, 6వ పాఠం దాకా ఆగండి. చాలామందికి మాత్రం ట్రే లోపలికి వెళ్తుంది, డ్రైవ్ కాసేపు గుర్రుమంటుంది, ఆ తర్వాత తాపీగా పాత విండోసే తెరుచుకుంటుంది. హార్డ్ డిస్క్ ఖాళీదైతే నల్ల స్క్రీన్ మీద "నో బూటబుల్ డివైస్" అని ఒక్క లైను.

అనుమానితులు ముగ్గురు: డిస్క్, డ్రైవ్, సెట్టింగులు. స్క్రూడ్రైవర్ తీయకముందే అదే డిస్క్‌ను ఇంకో కంప్యూటర్‌లో పెట్టి బూట్ చేసి, అంటే ఆ డిస్క్ నుంచే దాన్ని లేపి చూడండి. అక్కడ లేస్తే డిస్క్ మంచిదే. అక్కడా లేవకపోతే మీ మెషీన్‌ను తిట్టడం ఆపి డిస్క్‌నే పట్టుకోండి. నేను చూసినవాటిలో ఎక్కువసార్లు దొంగ అక్కడే దొరికాడు.

డిస్క్‌ను విండోస్‌లో తెరిచి లోపల ఏముందో చూడండి. బూట్, కాస్పర్, ఐసోలినక్స్ లాంటి ఫోల్డర్లు వరసగా కనిపించాలి. వాటికి బదులు పొడుగాటి పేరుతో ఒకే ఒక్క ఐఎస్ఓ ఫైలు కనిపిస్తే, మూట విప్పకుండా గూట్లో పెట్టేశారన్నమాట. అంటే ఇమేజ్‌గా రాయాల్సిన దాన్ని మామూలు ఫైలులా కాపీ చేశారు. నేనూ మొదట్లో మూడు సీడీలు ఇలాగే తగలేశాను. స్పీడు తగ్గిస్తే పనిచేస్తుందేమోనని ఒక్కోసారి ఒక్కో స్పీడులో రాశాను కూడా!

దీనికి కారణం తెలిస్తే మళ్లీ ఆ తప్పు చేయరు. కంప్యూటర్ ఆన్ కాగానే మొట్టమొదట లేచే బయోస్ అనే ప్రోగ్రామ్‌కు మన ఫోల్డర్లు, ఫైళ్లు పట్టవు. ఫీనిక్స్, ఐబీఎం కంపెనీలు కలిసి 1995లో తెచ్చిన ఎల్ టొరిటో అనే పద్ధతి ప్రకారం అది నేరుగా డిస్క్‌లో 17వ సెక్టార్‌కు వెళ్తుంది. ఒక్కో సెక్టార్ 2048 బైట్లు. బూట్ ప్రోగ్రామ్ వివరాలు ఎక్కడున్నాయో ఆ సెక్టార్‌లో రాసి ఉంటుంది. ఫైలులా కాపీ చేసిన డిస్క్‌లో ఆ చిరునామా ఐఎస్ఓ ఫైలు కడుపులో ఎక్కడో ఉండిపోతుంది, 17లో కనపడదు. ఇక్కడేమీ లేదనుకుని బయోస్ హార్డ్ డిస్క్ వైపు వెళ్లిపోతుంది.

కాబట్టి ఐఎస్ఓ మీద రైట్ క్లిక్ చేసి "బర్న్ డిస్క్ ఇమేజ్" ఎంచుకోండి. విండోస్ 7 నుంచి ఇది ఉంది. రాశాక సరిచూసే వెరిఫై పెట్టెలో టిక్ పెట్టడం మరిచిపోవద్దు. పాత డ్రైవ్‌లో చదవాల్సిన డిస్క్ అయితే తక్కువ స్పీడే మేలు.

డిస్క్ మంచిదని తేలితే సెట్టింగులు. బయోస్ లోపలికి వెళ్లి బూట్ వరుస మార్చమని చాలామంది చెబుతారు. నేను చెప్పను. రీస్టార్ట్ చేసి, కంపెనీ లోగో రాగానే బూట్ మెనూ కీని టకటకా నొక్కండి: డెల్, లెనోవోలలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. వచ్చే లిస్టులో డీవీడీ డ్రైవ్‌ను ఎంచుకుంటే ఈ ఒక్కసారికి దాన్నుంచే లేస్తుంది. డ్రైవ్ పేరు రెండుసార్లు, ఒకటి ముందు యూఈఎఫ్ఐ (బయోస్‌కు కొత్త రూపం) అని కనిపిస్తే రెండూ ప్రయత్నించండి. అసలు పేరే లేకపోతే కరెంటు తీసేసి డ్రైవ్ వెనక కేబుళ్లు రెండూ ఊడదీసి మళ్లీ గట్టిగా పెట్టండి.

ఎన్నిసార్లు నొక్కినా మెనూ రావట్లేదా? కొన్ని పాత బోర్డులు విండోస్ లేచేదాకా యూఎస్‌బీ కీబోర్డును పట్టించుకోవు. గుండ్రటి పిన్ను ఉండే పాత కీబోర్డు ఒకటి అడిగి తెచ్చుకోండి.

ఇక డ్రైవ్. "పాటల సీడీ బాగానే పాడుతోంది కదండీ" అంటారు. అది సాక్ష్యం కాదు. సీడీని చదివేది 780 నానోమీటర్ల లేజర్, డీవీడీని చదివేది 650ది. ఒకటి బతికుండగానే రెండోది పోవచ్చు. పైగా ట్రే మీద డీవీడీ గుర్తు ఉందో లేదో కూడా చూడండి, కొన్ని పాత మెషీన్లలో ఉండేది ఒట్టి సీడీ డ్రైవే.

మరో సంగతి. ప్రాసెసర్ ఎక్స్86-64 కాదని ఇంగ్లీషులో ఓ లైను వచ్చి ఆగిపోతే, డిస్క్ బూట్ అయినట్టే. మీది 64 బిట్ ప్రోగ్రాములు నడపలేని పాత 32 బిట్ మెషీన్. 2020లో వచ్చిన మింట్ 20 నుంచి వాళ్లు 32 బిట్ ఆపేశారు, దానికి వేరే లినక్స్ వెతుక్కోవాలి.

డ్రైవ్ నిజంగానే పోయిందని తేలితే కొత్తది కొనకండి. వచ్చే పాఠంలో ఇదే ఐఎస్ఓను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిద్దాం. 8 జీబీది ఒకటి సిద్ధంగా ఉంచుకోండి. అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది, పెళ్లి ఫొటోలేమైనా ఉంటే ముందే తీసి పెట్టుకోండి.