బంగారు రేణువులతో సీసం పరీక్ష, 4వ పాఠం: నీలం రంగు వచ్చినంత మాత్రాన సీసం ఉన్నట్టు కాదు

గత పాఠం చదివి మునుగోడు, మర్రిగూడ, దేవరకొండ ప్రాంతాల నుంచి కొందరు పంపిన ఫలితాలు దాదాపు ఒకేలా ఉన్నాయి. ఇంటి బోరు నీళ్ళు పోయగానే ఎర్రని బంగారు ద్రావణం నీలంగా మారిందనీ, కాబట్టి నీళ్ళలో సీసం ఉందనీ వారు తేల్చేశారు. ఈ తీర్పు చెల్లదు కనుక, ఈసారి చెప్పవలసిన కాడ్మియం పాఠాన్ని వాయిదా వేస్తున్నాను. బంగారు రేణువులకు గ్లూటాథయోన్ (సీసాన్ని పట్టుకునే చిన్న అణువు) పూత వేయడం, గాజు సామాను కడగడం మళ్ళీ చెప్పను.

రేణువులు విడివిడిగా ఉన్నప్పుడు 520 నానోమీటర్ల దగ్గరి కాంతిని పీల్చుకొని ఎర్రగా కనిపిస్తాయి. ఒకదానికొకటి చేరువైతే ఆ శోషణ పొడవైన తరంగాల వైపు జరిగి నీలం వస్తుంది. వాటిని ఎవరు దగ్గరికి చేర్చారో రంగు చెప్పదు. సీసం రెండు రేణువుల పూతలను పట్టి కలుపుతుంది. పూత అరకొరగా పడిన చోట కాల్షియం కూడా వాటి రుణావేశాన్ని కప్పివేసి అదే పని చేస్తుంది.

బిందె అడుగున తెల్లటి పొర కట్టే నీళ్ళు మనవి. తాగునీటిలో సీసానికి భారతీయ ప్రమాణం లీటరుకు 0.01 మిల్లీగ్రాము, అంటే సుమారు 0.05 మైక్రోమోలు. కాఠిన్యం (కాల్షియం కార్బొనేట్‌గా లెక్కించి) లీటరుకు 500 మిల్లీగ్రాములున్న నీటిలో, అదంతా కాల్షియమే అనుకుంటే, 5 మిల్లీమోళ్ళు ఉంటుంది. ఇది లక్ష రెట్లు ఎక్కువ.

నాకు చిరాకు తెప్పించేది దీనికి కొందరు కనిపెట్టిన విరుగుడు. నీటిని ఇరవై రెట్లు పలుచన చేశాం, ఎరుపు నిలిచింది, సీసం లేదు అంటున్నారు. పలుచన చేసినప్పుడు కాల్షియంతో పాటు సీసమూ ఇరవయ్యో వంతుకు పడిపోతుంది. ప్రమాణపు హద్దులో ఉన్న సీసం 0.0005 మిల్లీగ్రాముకు చేరితే మన కంటికి అందదు. లోహాలను పట్టి ఉంచే ఈడీటీఏ అనే రసాయనం కలిపితే కాల్షియం అడ్డు తొలగుతుందన్న మాటా అంతే: దాని బంధన స్థిరాంకపు లాగరిథమ్ కాల్షియంతో 10.7, సీసంతో 18, కాబట్టి అది ముందుగా సీసాన్నే పట్టుకుంటుంది. ఫిల్టర్ నీళ్ళ డబ్బా స్వేదన జలం కాదని వేరే చెప్పనక్కరలేదనుకున్నాను. ఫ్లోరైడ్ లోహమే కాదు, దాని కోసం ఈ పరీక్ష చేయకండి.

అభ్యాసానికి నాలుగు నాళికల్లో ఒకే పరిమాణంలో బంగారు ద్రావణం తీసుకోండి. మొదటిదానికి స్వేదన జలం, రెండవదానికి బోరు నీళ్ళు, మూడవదానికి లీటరుకు 0.735 గ్రాముల కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ కలిపిన స్వేదన జలం, నాలుగవదానికి 20 మైక్రోమోలార్ సీసపు నైట్రేట్ చేర్చండి. తెల్ల కాగితం మీద, పగటి వెలుతురులో చూడండి. ఫోను కెమెరా తెలుపును తనకు తానే సవరిస్తుంది కనుక నేను దానిని నమ్మను. మూడవది నీలమైతే, రెండవదాని నీలానికి విలువ లేదు. మూడవది ఎర్రగానే ఉండి రెండవది నీలమైతే అప్పుడు అనుమానించి, నమూనాను అటామిక్ అబ్సార్ప్షన్ (లోహాలను విడివిడిగా కొలిచే) పరికరం ఉన్న ప్రయోగశాలకు పంపాలి. సీసం కలిపిన ద్రావణాన్ని మోరీలో పోయకుండా మూత ఉన్న సీసాలో విడిగా దాచండి. ఈ నాలుగింటినీ మూడు వేర్వేరు బోర్ల నీళ్ళతో చేసి, ప్రతి నాళిక రంగును ఐదు నిమిషాలకు, అరగంటకు, మరునాటికి రాసి పెట్టుకున్నవారే తరువాతి పాఠానికి రావాలి.