అప్పు లేకుండా లగ్గం: ముందు విస్తర్ల లెక్క, తర్వాతే ఫంక్షన్ హాలు

లగ్గం ఖర్చు చేయి దాటేది బంగారం దగ్గరో, బట్టల దగ్గరో అనుకుంటారు. చాలా ఇళ్లల్లో అది విస్తరి దగ్గరే దాటుతుంది. ఎంతమంది తింటారో తేలకముందే హాలుకు బయానా ఇచ్చేస్తారు. హాలు పెద్దది కదా అని పిలుపులు పెరుగుతాయి. అందుకే వరుస మార్చండి: ముందు పైసలు, తర్వాత విస్తర్లు, ఆ తర్వాతే ముహూర్తం, చోటు.

పైసలంటే ఇప్పుడు చేతిలో ఉన్నవే. చదివింపుల్లో వచ్చే కట్నాలను ఈ లెక్కలో కలపొద్దు. అవి పుస్తకంలో రాసుకుని, రేపు వాళ్లింట్లో లగ్గమైతే తిరిగి పెట్టాల్సినవి. ఆడపిల్ల పెళ్లికి తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ పథకాల కింద అర్హులకు వచ్చే 1,00,116 రూపాయలను కూడా కలపొద్దు. విచారణ పూర్తయి చెక్కు వచ్చేసరికి చాలాసార్లు పెళ్లి అయిపోయి ఉంటుంది.

మీ దగ్గర 4 లక్షలున్నాయనుకుందాం. 40,000 పక్కన పెట్టి ఆఖరి రోజు దాకా ముట్టుకోవద్దు. భోజనాలకు 1,60,000. సరుకులు, వంట కూలి, వడ్డించేవాళ్లు, నీళ్లు, విస్తర్లు అన్నీ కలిపి ఒక్కరికి 400 పడితే సరిగ్గా 400 మంది. మిగిలిన 2 లక్షల్లో చోటు, పుస్తె మట్టెలు, బట్టలు, పంతులు, బ్యాండు, ఫొటోలు.

ఇప్పుడు పేర్లు రాయండి. మన దగ్గర పిలుపులో రెండు రకాలున్నాయి: ‘ఇంటిల్లిపాది రావాలె’, ‘ఇంటికొక్కరు రావాలె’. ఈ తేడాయే మీ బడ్జెట్‌ను నిలబెడుతుంది. ఇంటికి నలుగురి లెక్కన 60 ఇళ్లను ఇంటిల్లిపాది పిలిస్తే 240 మంది. ఇంకో 160 ఇళ్లకు ఒక్కరి పిలుపు. మొత్తం 400. కార్డు అందరికీ ఒకటే కాబట్టి, బొట్టు పెట్టేటప్పుడు నోటితో స్పష్టంగా చెప్పాలి. ‘ఊరంతా పిలవకపోతే ఏమనుకుంటరు’ అని పెద్దలు అంటే వాదించకండి, పట్టీ వాళ్ల చేతికే ఇవ్వండి. ఒక పేరు చేరిస్తే 400 రూపాయలు ఎక్కడ తగ్గించాలో వాళ్లే చూపిస్తారు. రెండువైపులవాళ్లూ కూర్చుని, వరపూజకు ముందే ఈ కాగితం మీద ఎవరు ఏది భరిస్తారో కూడా రాసుకుంటే నడుమంతరపు అలకలుండవు.

ముహూర్తం విషయంలో ఒక్క మాట. మూఢం ముగియగానే లగ్గాలన్నీ ఒకే వారంలో పడతాయి, వంటవాళ్లూ టెంట్ హౌస్ వాళ్లూ దొరకరు. పంతులును ఒకటి కాదు, మూడు తేదీలు అడగండి. రెండేళ్లకోసారి మాఘంలో మేడారం జాతర ఉంటుంది. ఆ వారం వరంగల్, ములుగు వైపు బస్సులూ బండ్లూ అటే పోతాయి. చుట్టాలను తోలుకొచ్చే బండి కుదరకపోతే లగ్గం వేళకు సగంమంది రోడ్డు మీదే ఉంటారు.

హాలు తీసుకుంటే అద్దె ఒక్కటే అడిగి రావద్దు. కరెంటు యూనిట్ల లెక్కనా? జనరేటర్ డీజిల్ ఎవరిది? బయటి వంటవాళ్లను రానిస్తారా? జీఎస్టీ కలిపా, విడిగానా? ఎన్ని గంటలకు ఖాళీ చేయాలి? జవాబులు రసీదు వెనక రాయించుకోండి. ఇంటిముందు జాగా ఉంటే పచ్చని పందిరే మేలు. తంతుకు 50 మందితో గుడి, తర్వాత ఇంటి దగ్గర దావత్ అనే పద్ధతి కూడా చక్కగా కుదురుతుంది.

ఇక దావత్. బగారా అన్నం, మటన్ పెడితే 100 మందికి బియ్యం 12 కిలోలు, మటన్ 16 నుంచి 18 కిలోలు, పెరుగు 10 కిలోలు. అంగడిలో జీవాలను కొంటే బరువులో సగానికి కొంచెం తక్కువే మాంసం వస్తుంది: 20 కిలోల పొట్టేలుకు 9 నుంచి 10 కిలోలు. అంటే 400 మందికి ఏడు కావాలి. 10 కిలోల మటన్‌కు ఉల్లిగడ్డ 3 కిలోలు, అల్లమెల్లిగడ్డ ముద్ద ముప్పావు కిలో, నూనె లీటరున్నర నుంచి రెండు, కారం 350 గ్రాములు. గసాలు, కుడుక మీ వంటమనిషి చేతివాటాన్ని బట్టి.

అన్నం ముద్దవడమే ఎక్కువగా జరిగే పొరపాటు. దానికి కారణం వంటమనిషి కాదు, బియ్యం. వానకాలం వడ్లు దీపావళి ప్రాంతంలో కోతకొస్తాయి, కాబట్టి మాఘంలో దుకాణంలో దొరికేది ఎక్కువగా కొత్త బియ్యమే. ఏడాది పాతవి అడిగి కొనండి. వాటికి గ్లాసుకు రెండు గ్లాసుల నీళ్లు, కొత్తవైతే గ్లాసున్నర. ముందురోజు కిలో వండి చూడండి. వైశాఖంలో లగ్గమైతే 100 మందికి 20 లీటర్ల నీళ్ల క్యాన్లు పది పెట్టుకోండి. ఎండకు కూర త్వరగా పాడవుతుంది. రాత్రే వండి ఉంచొద్దు, తెల్లవారుజామున పొయ్యి వెలిగించండి.

పుస్తెలు కొనేటప్పుడు తరుగు, మజూరీ విడివిడిగా రాసిన బిల్లు తీసుకోండి. నగ మీద ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ (హాల్‌మార్క్ గుర్తింపు సంఖ్య) ఉండాలి. రెండు గ్రాముల లోపు వాటికి అది తప్పనిసరి కాదు, అలాంటప్పుడు బిల్లే ఆధారం. ఐరేని కుండలకు (పెళ్లి తంతులో పెట్టే రంగుల కుండలు) జాజు, సున్నం పూతలుంటాయి కాబట్టి కుమ్మరికి మూడు వారాల ముందే చెప్పి, ఇవ్వాల్సింది అప్పుడే మాట్లాడుకోండి.

వరకట్నం ఇవ్వడం, తీసుకోవడం 1961 చట్టం కింద నేరం. ఇష్టంతో ఇచ్చే కానుకలను పట్టీ రాసి, ఇద్దరూ సంతకం పెట్టండి. బారాత్ ఏడింటికే బయల్దేరాలి: రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట మైకులు, డీజేలు నిషేధం.

తంతు అక్కర్లేదు అనుకునే జంటకు 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులుగా ఉంటున్న జిల్లాలో నోటీసు ఇవ్వాలి, మరో 30 రోజులు ఆగాలి, ముగ్గురు సాక్షులు కావాలి. హిందూ వివాహ చట్టం కింద మాత్రం రిజిస్ట్రేషన్ కాగితం ఒక్కటే పెళ్లి కాదు. ఆచారం ప్రకారం తంతు జరగాలి. దాని ఫొటోలు దాచుకోండి, రిజిస్ట్రేషన్ దగ్గర పనికొస్తాయి.

లగ్గం రోజు పైసలు తల్లిదండ్రుల దగ్గర ఉండొద్దు, వాళ్లు పీటల దగ్గర ఉంటారు. నిదానంగా ఉండే మేనమామకో, బాబాయికో పేర్లు రాసిన కవర్లు ఇవ్వండి: పంతులు, బ్యాండు, టెంట్, వంట. వంటవాళ్లకు మూడో వంతు ముందు, మిగతాది ఆఖరి బంతి లేచాక.