హైదరాబాద్ ఎండల్లో పరుగు: చెమట పట్టకముందే చేసుకోవలసిన ఏర్పాట్లు

పోయిన ఏడాది మే నెలలో నెక్లెస్ రోడ్డు మీద మా బ్యాచ్‌లోని ఒక అన్న పన్నెండు కిలోమీటర్లు పరుగెత్తి వచ్చాడు. బండి దగ్గరికి రాగానే రెండు లీటర్ల బాటిల్ ఎత్తి గటగటా దాదాపు ఖాళీ చేశాడు. పది నిమిషాలు కాకముందే వాంతి, తలనొప్పి. పిక్కలు పట్టేసి ఫుట్‌పాత్ మీదే కూలబడ్డాడు. "ఇన్ని నీళ్ళు తాగినా ఇట్లెందుకయింది తమ్మీ?" అని అడిగాడు. ఆయన నల్ల టీషర్టు వీపు మీద ముగ్గుపిండి చల్లినట్టు తెల్లటి చారలున్నాయి. అదంతా ఉప్పు. ఒంట్లోంచి పోయింది నీళ్ళూ ఉప్పూ రెండూ. తిరిగి పోసుకున్నది మాత్రం వట్టి నీళ్ళు, అదీ ఒక్కసారే.

మన ఊరి ఎండలో ఒక మోసం ఉంది. విశాఖలోనో చెన్నైలోనో పరుగెత్తితే బట్టలు ఒంటికి అతుక్కుపోతాయి, చెమట కారుతున్నట్టు తెలుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. "నాకు పెద్దగా చెమట పట్టదు" అనుకునేవాళ్ళలో చాలామంది పొరపాటు పడుతున్నది ఇక్కడే. నిజం తెలుసుకోవాలంటే పరుగుకు ముందు, వచ్చాక ఒళ్ళు తుడుచుకుని బరువు చూసుకోండి. కిలో తగ్గిందంటే మధ్యలో తాగినవి కాక ఇంకో లీటరు నీళ్ళు పోయినట్టు. దాన్ని తర్వాతి మూడు నాలుగు గంటల్లో, లీటరుకు లీటరున్నర చొప్పున, కొంచెం కొంచెంగా తిరిగి ఇవ్వాలి. లీటరు చెమటలో సుమారు ఒక గ్రాము సోడియం పోతుంది. కొందరికి ఇంకా ఎక్కువే. నల్ల టీషర్టు వేసుకున్న రోజు మీది ఏ రకం చెమటో మీకే కనిపిస్తుంది.

ఎండలు ముదిరాక కొత్తగా పరుగు మొదలుపెట్టకండి. ఎండకు ఒళ్ళు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. రోజంతా ఏసీ ఆఫీసులో కూర్చుని, శనివారం ఒక్కరోజు గచ్చిబౌలిలో పది కిలోమీటర్లు కొట్టేద్దామనుకునేవాళ్ళ గురించే నా భయం. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. మే చివరి వారం నుంచి జూన్ మొదటి వారం దాకా దూరం సగానికి తగ్గించండి. తెల్లవారకముందే మొదలుపెట్టి, ఏడు కల్లా ఇంటికి చేరండి.

ముందు రోజు రాత్రే సిద్ధం కావాలి. నేను చేసేది చెబుతాను. ఒక గ్లాసు పెరుగు, మూడు గ్లాసుల నీళ్ళు, చదునుగా అర టీస్పూను ఉప్పు, దంచిన చిన్న అల్లం ముక్క, నలిపిన నాలుగు కరివేపాకులు. కవ్వంతో బాగా చిలికి ఫ్రిజ్‌లో పెడతాను. మా ఇంట్లో దీన్ని సల్ల అంటారు. పొద్దున వచ్చాక నిమ్మకాయ పిండుకుని, గుక్క గుక్కగా అరగంట సేపు తాగుతాను. పెరుగు మరీ పుల్లబడితే ఉప్పు తక్కువైనట్టు అనిపించి ఇంకో చిటికెడు వేసేస్తాం. అందుకే కొలిచే వేయండి.

పెరుగు పడనివాళ్ళు లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో చదునుగా ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలిపి నిమ్మకాయ పిండుకోవచ్చు. రుచి కన్నీళ్ళ కంటే ఉప్పగా ఉంటే పారబోసి మళ్ళీ కలపండి. ఇందులో పంచదార రుచి కోసం కాదు. పేగుల్లో చక్కెర ఉప్పును వెంటబెట్టుకుని లోపలికి పోతుంది, ఆ రెండింటి వెనకాల నీళ్ళు పోతాయి. షుగర్ ఉన్నవాళ్ళు ఇది కాకుండా మజ్జిగ తాగడం మేలు.

కొబ్బరి బోండాం మంచిదే. అయితే అందులో పొటాషియం ఎక్కువ, ఉప్పు తక్కువ, కాబట్టి అదొక్కటే సరిపోదు. సబ్జా, ముంజలు, పుచ్చకాయ హాయిగా ఉంటాయి, తినండి. రోడ్డు పక్క చెరకు రసంలో నాకు అనుమానం రసం మీద కాదు, ఐసు మీద. ఏ నీళ్ళతో చేశారో తెలియని ఐసు వద్దు.

కండరాలు కోలుకోవాలంటే గంటలోపు ఏదైనా తినాలి. నా ఓటు చద్దన్నానికి. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి ఉంచి, పొద్దున మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ కలిపితే నీళ్ళు, ఉప్పు, పిండిపదార్థం మూడూ ఒకే గిన్నెలో ఉంటాయి. మాంసకృత్తులు తక్కువ కాబట్టి పక్కన రెండు ఉడికించిన గుడ్లో, గుప్పెడు పల్లీలో పెట్టుకోండి. రాగి జావ కూడా ఇలాగే పనిచేస్తుంది. ఇరానీ చాయ్ మానక్కర్లేదు, కాకపోతే ముందు మజ్జిగ, తర్వాత చాయ్. నలభై నిమిషాల మామూలు నడక అయితే ఇవేవీ అక్కర్లేదు, మంచినీళ్ళూ రోజూ తినే టిఫినూ చాలు.

కొనాలనుకుంటే మెడికల్ షాపులో డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని రాసి ఉన్న ఓఆర్ఎస్ పొడి అడగండి. టెట్రా ప్యాకుల్లో తియ్యటి డ్రింకుల మీద ఓఆర్ఎస్ అని రాసి అమ్మడాన్ని మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి ఎదిరించారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడొద్దని ఆదేశాలిచ్చింది. ఆమె చేసిన మేలు మనందరిదీ.

బీపీ, కిడ్నీ, గుండె జబ్బులకు మందులు వాడేవాళ్ళు ఉప్పు కలిపినవీ, కొబ్బరి నీళ్ళూ డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టండి. ఎవరైనా సరే, నీరసంగా ఉన్నప్పుడు ఒళ్ళునొప్పులని డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ లాంటి మాత్రలు వేసుకోకండి. నీళ్ళు తగ్గిన ఒంట్లో అవి కిడ్నీలను దెబ్బతీస్తాయి.

పక్కనవాళ్ళు తడబడుతూ నడుస్తున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా వడదెబ్బే అనుకోండి. చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే అనుకోవద్దు. పరుగులో వచ్చే వడదెబ్బకు చెమట పడుతూనే ఉండొచ్చు. వెంటనే నీడకు చేర్చి, బూట్లు, చొక్కా తీసేసి, దొరికిన నీళ్ళన్నీ ఒంటి మీద పోస్తూ విసరండి. మెడకు, చంకలకు, గజ్జలకు ఐసు పెట్టండి. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. స్పృహ సరిగా లేనివాళ్ళ నోట్లో మాత్రం చుక్క కూడా పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఆ రోజంతా మూత్రం రంగు చూసుకుంటూ ఉండండి. లేత పసుపు అయితే సరే. ముదురు పసుపు అయితే ఇంకా తాగాలి. మర్నాటికి కండరాలు విపరీతంగా నొప్పి పుట్టి, మూత్రం డికాషన్ రంగులో వస్తే మజ్జిగతో పోయేది కాదు. కండరాలు దెబ్బతిని, అందులోంచి వచ్చేది కిడ్నీల మీద పడుతోందని అర్థం. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి, ఎంత దూరం పరుగెత్తారో కూడా డాక్టర్‌కి చెప్పండి.